డోనర్ పాస్ పక్కన మా మొదటి చలికాలం: కరెంటు పోతే ఎలా? అమ్మానాన్న కూడా ఉంటారు

ట్రకీ_కొత్తిల్లు | నవంబర్ 3, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పదకొండేళ్లు ఫ్రీమాంట్‌లో అద్దెకుండి, ఈ జూన్‌లో కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల్లో, డోనర్ పాస్ కనుమ దగ్గరుండే ట్రకీ ఊరికి కాస్త అవతల ఇల్లు కొన్నాం. ఆరు వేల అడుగుల ఎత్తు, చుట్టూ పైన్ చెట్లు. నీళ్లు బోరువి. హీటింగుకీ వంటకీ ప్రొపేన్ గ్యాసు ట్యాంకు. హాల్లో కట్టెల పొయ్యి ఉంది కానీ ఇంతవరకు వెలిగించలేదు.

డిసెంబర్ మొదటి వారంలో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు, మార్చి దాకా ఉంటారు. నాన్నకి 71 ఏళ్లు, షుగరు, రోజూ ఇన్సులిన్. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ సంక్రాంతి చలికే మంకీ క్యాప్ తియ్యని మనుషులు.

మొన్న పక్కింటి పెద్దాయన మాటల్లో మాటగా, 2021 డిసెంబర్‌లో తొమ్మిది రోజులు కరెంటు లేకుండా ఉన్నామన్నారు. అది విన్నప్పట్నుంచి టెన్షన్. నా దగ్గరున్నవి రెండు టార్చిలైట్లు, రెండు పవర్ బ్యాంకులు. జనరేటర్ కొనాలా, కొంటే ఎంతది? ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు.

డోనర్‌దారి | నవంబర్ 3, రాత్రి 11:40

తమ్ముడూ, మీ పక్కింటాయన చెప్పింది నిజమే. డోనర్ పాస్ దగ్గరే సోడా స్ప్రింగ్స్‌లో యూసీ బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల మంచు ప్రయోగశాల ఉంది. అక్కడ ఆ ఒక్క డిసెంబర్‌లోనే 214 అంగుళాలు పడింది, అంటే పద్దెనిమిది అడుగులకి రెండంగుళాలు తక్కువ. 1970 డిసెంబర్ నాటి 179 అంగుళాల రికార్డు దాటిపోయింది. 2022–23 సీజన్ మొత్తానికి అయితే 754 అంగుళాలు.

కొండల్లో కరెంటు రోజుల తరబడి ఎందుకు రాదంటే, చెట్టు విరిగి తీగ మీద పడుతుంది. తీగ బాగుచేసే బండి రావాలంటే ముందు మంచు తీసే బండి రావాలి. అది రావాలంటే రోడ్డుకి అడ్డం పడ్డ చెట్లు కొయ్యాలి. అందుకని ఒక పూట కోతకి కాదు, ఏడు రోజులకి లెక్క వేసుకోండి.

జనరేటర్ సంగతి తర్వాత. రేపు వెలుతురుండగా ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. గోడలోంచి బయటికి వచ్చిన తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు రెండు కనపడితే, ఒకటి ఫర్నేస్‌కి (ఇల్లు వేడి చేసే మిషన్‌కి) గాలి తీసుకునేది, ఇంకోటి పొగ వదిలేది. అవి నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలవండి. మావి మూడడుగుల ఎత్తులో ఉన్నాయి. 2021లో క్రిస్మస్ మర్నాడు తెల్లారి చూస్తే ఆ గోడ పక్కన ఆరడుగుల మంచు. పార తగిలితే గొట్టం విరుగుతుందని చివరి అడుగు చేతుల్తోనే తోడాను. గ్లవ్స్ లోపల వేళ్లు మొద్దుబారిపోయాయి. తీరా మూతి దొరికేసరికి, పొగలోని తడి గడ్డకట్టి దాని చుట్టూ గాజులాంటి మంచు బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి తీశాను. కరెంటు రాగానే ఫర్నేస్ దానంతటదే అంటుకుంటుంది. అప్పుడు ఆ మూతి మూసుకుపోయి ఉంటే ఫర్నేస్ ఆగిపోవచ్చు, లేదా పొగ ఇంట్లోకే తిరగొచ్చు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు.

కొత్తగా కొండల్లోకి వచ్చిన మనవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే. బయట చలి గురించి అందరూ ఆలోచిస్తారు, ఇంట్లో గాలి గురించి ఎవరూ ఆలోచించరు. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర, బ్యాటరీతో పనిచేసే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం పెట్టండి. మిగతా సామానంతా ఆ తర్వాతే.

ట్రకీ_కొత్తిల్లు | నవంబర్ 4, ఉదయం 8:05

అన్నా, ఇప్పుడే కొలిచాను. ఇరవై ఆరు అంగుళాలు. అసలు ఆ గొట్టాలు ఎందుకున్నాయో కూడా ఇన్నాళ్లు తెలియదు.

వైజాగ్_పిల్ల | నవంబర్ 4, ఉదయం 9:30

నేను ఫోల్సమ్‌లో ఉంటాను, మాకు మంచు పడదు. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నాను. ఆ వారంలో నేర్చుకున్నది ఎక్కడైనా పనికొస్తుంది. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. చీకటిని రెండో రోజుకి ఓర్చుకున్నాం. బాత్రూంలో నీళ్లు లేకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాం.

మీదీ బోరు నీళ్లే కాబట్టి తుఫాను హెచ్చరిక రాగానే ముందు స్నానాల తొట్టి నింపండి, అది ఫ్లష్‌కి. తాగడానికి మనిషికి రోజుకి ఒక గ్యాలన్ (దాదాపు నాలుగు లీటర్లు) చొప్పున విడిగా పట్టి పెట్టుకోండి. పెద్దవాళ్లుంటే ఇంకొంచెం ఎక్కువే. మంచు కరిగించుకుంటాంలే అనుకోకండి, గిన్నె నిండా మంచు వేసి కరిగిస్తే అడుగున గ్లాసెడు నీళ్లు తేలతాయి, గ్యాసు దండగ.

కరెంటు_మేస్త్రి | నవంబర్ 4, మధ్యాహ్నం 12:50

రీనోలో ఎలక్ట్రికల్ పని చేస్తాను. జనరేటర్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా.

ప్రొపేన్ నిండా ఉన్నా కరెంటు లేకపోతే మీ ఫర్నేస్ వెలగదు, ఎందుకంటే వేడి గాలిని గదుల్లోకి తోసే ఫ్యాను కరెంటుది. ట్యాంకు లేని వాటర్ హీటరైతే దానికీ అంతే. ఫ్యానుకి సుమారు 400 నుంచి 600 వాట్లు. ఫ్రిజ్జు రోజంతా కలిపి ఒకటి, ఒకటిన్నర యూనిట్లు. వైఫైకి పదీ పదిహేను వాట్లు. 2000 వాట్ల చిన్న జనరేటర్ ఇవన్నీ లాగుతుంది. కానీ బోరు మోటారు సాధారణంగా 240 వోల్టులది, స్టార్టయ్యేటప్పుడు ఇంకా చాలా లాగుతుంది, చిన్న జనరేటర్ దాన్ని తిప్పలేదు. మోటారు కూడా తిరగాలంటే 240 వోల్టులిచ్చే పెద్దది కావాలి. నా మాట వింటే చిన్నది కొని, నీళ్లు ముందే పట్టుకోండి. పెద్ద జనరేటర్ తాగే పెట్రోలు ఆ మంచులో ఎవరు తెచ్చిస్తారు?

ఇంకొకటి, ఇది దండం పెట్టి చెప్తున్నా. రెండు వైపులా పిన్నులుండే వైరు కట్టించుకుని జనరేటర్‌ని గోడ సాకెట్‌కి కలుపుతారు కొందరు. ఊళ్లో మన దగ్గర కూడా చూశాను. ఆ కరెంటు ఎదురు వెళ్లి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ వోల్టేజీగా మారుతుంది. లైను చచ్చిందనుకుని మంచులో స్తంభమెక్కిన మనిషి దాన్ని పట్టుకుంటాడు. నేనూ ఆ పని చేసేవాణ్ణే. జనరేటర్ కరెంటు వీధి లైన్‌లోకి వెళ్లకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ ఇంటర్‌లాక్ గానీ లైసెన్సున్న మనిషితో పెట్టించండి. అంత ఖర్చు ఎందుకంటే, మంచి ఎక్స్‌టెన్షన్ వైర్లతో ఫ్రిజ్జునీ లైట్లనీ నేరుగా జనరేటర్‌కే కలుపుకోండి.

జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. గ్యారేజీలో వద్దు, తలుపు తీసినా వద్దు. పవర్ స్టేషన్ అనే పెద్ద చార్జింగ్ బ్యాటరీ కొంటే దాన్ని ఇంట్లోనే ఉంచండి, లిథియం బ్యాటరీని 32 డిగ్రీల (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే, 32 అంటే నీళ్లు గడ్డకట్టే చలి) కంటే చలిలో చార్జ్ చేస్తే పాడవుతుంది.

సీకాకోలు | నవంబర్ 4, సాయంత్రం 6:15

ఇంత హైరానా అవసరమా అనిపిస్తోంది. మా చిన్నప్పుడు మా తాతగారింట్లో చలికాలమంతా మంచం పక్కన కుంపటి పెట్టుకునే పడుకునేవాళ్లం, ఎవరికీ ఏమీ కాలేదు. బార్బెక్యూలో బొగ్గులు రాజేసి గ్యారేజీ తలుపు సగం ఎత్తి పెడితే ఇల్లంతా వెచ్చగా ఉంటుంది కదా?

డాలస్_దంపతులు | నవంబర్ 4, రాత్రి 7:02

అన్నా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. మేం సరిగ్గా అదే చేశాం.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు మాకు రెండో రోజు ఇంట్లో 41 డిగ్రీలు. గ్యారేజీలో బొగ్గులు రాజేశాం, మీరన్నట్టే తలుపు సగం ఎత్తి, వంటింట్లోకి వేడి రావాలని మధ్య తలుపు కొంచెం తీసి పెట్టాం. గంట తర్వాత మా అత్తగారు తల పగిలిపోతోందన్నారు. నిద్ర లేక అనుకున్నాం. మా పాప వాంతి చేసుకుంది. పొద్దున్న తిన్న పులిహోర తేడా చేసిందేమో అనుకుని పాపకి మజ్జిగ పడుతున్నాను, మా వారు సోఫాలోంచి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయారు. అప్పుడు మోగింది మేడ మీద నడవాలో అలారం. ఇల్లు కొన్నప్పుడు పాతవాళ్లు వదిలేసి వెళ్లిన డబ్బా అది, దాని బ్యాటరీ మేమెప్పుడూ మార్చలేదు. ఆ రోజు మోగింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ తుఫానుకి టెక్సస్ ప్రభుత్వం లెక్క తేల్చిన మరణాలు 246. అందులో ఇలా గాలి విషమై పోయినవాళ్లు కూడా ఉన్నారు. తాతగారి పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, చూరులోంచి గాలి ఆడేది. ఇక్కడి ఇళ్లు చలిగాలి చొరకుండా బిగించి కట్టినవి.

నర్స్_అక్క | నవంబర్ 4, రాత్రి 9:45

చెల్లెమ్మా, మీరు రాసింది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఎమర్జెన్సీలో పనిచేస్తాను. ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ రక్తాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వచ్చి, బయటికి వెళ్తే కాస్త తగ్గినట్టుంటే అది జ్వరమో అజీర్తో కాదు. చలైనా సరే అందరూ బయటికి వచ్చేసి 911కి ఫోన్ చెయ్యాలి.

ఇక మీ నాన్నగారి గురించి. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు మామూలు గది వేడిలో 28 రోజుల దాకా ఉంటాయి, కాబట్టి ఫ్రిజ్జు ఆగితే గాభరా పడక్కర్లేదు. మన దగ్గర ఎండకి పాడవుతుందని భయపడతాం, ఇక్కడ గడ్డకట్టి పాడవుతుంది. మంచు ఉంది కదా అని బాల్కనీలో పెట్టొద్దు, కారులో వదలొద్దు. ఒక్కసారి గడ్డకట్టినది మళ్లీ కరిగినా వాడకూడదు. ఇల్లు మరీ చల్లబడితే పెన్నుని లోపలి జేబులో, ఒంటికి మరీ ఆనకుండా పెట్టుకోమనండి. షుగరు చూసే మిషన్‌ని కూడా వెచ్చగా ఉంచాలి, చలికి అది రీడింగ్ చూపించదు.

ఇంకో సంగతి, పెద్దవాళ్లకి ఒళ్లు చల్లబడిపోవడానికి బయటికే వెళ్లక్కర్లేదు. ఇంట్లో 60, 65 డిగ్రీల దగ్గరే అది మొదలవ్వొచ్చు. మన పెద్దవాళ్లు "నాకేం చలి లేదు" అంటారు, పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని. వాళ్ల మాట కాదు, మనిషిని చూడండి. మాట ముద్దగా వస్తోందా, మామూలుగా ఉన్నవాళ్లు తికమకపడుతున్నారా, మగతగా ఉన్నారా? వణుకు తగ్గినంత మాత్రాన బాగైనట్టు కాదు. ఇవి కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దు.

సీకాకోలు | నవంబర్ 4, రాత్రి 10:20

దంపతులు గారూ, మీ పోస్టు మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. నేను రాసిన సలహా తప్పు, ఎవరూ పాటించకండి. మేం ప్రతి క్రిస్మస్‌కీ టాహో సరస్సు దగ్గర క్యాబిన్ (కొండల్లో చెక్క ఇల్లు) అద్దెకు తీసుకుంటాం. ఈసారి నా సూట్‌కేసులో అలారం ఒకటి పెట్టుకుని వెళ్తాను.

వైజాగ్_పిల్ల | నవంబర్ 5, ఉదయం 7:40

క్యాబిన్లకి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. 2022 డిసెంబర్ 26న అరిజోనాలో వుడ్స్ కెన్యన్ లేక్ దగ్గర గడ్డకట్టిన నీళ్ల మీదికి వెళ్లి మన తెలుగువాళ్లు ముగ్గురు పోయారు. ఫొటోల కోసం చెరువు మంచు మీదికి పిల్లల్నీ పెద్దల్నీ పంపకండి, పైన ఎంత గట్టిగా కనిపించినా సరే.

లేక్‌యారో_ఇల్లు | నవంబర్ 5, మధ్యాహ్నం 1:25

మాది దక్షిణాన, శాన్ బెర్నార్డినో కొండలు. 2023 ఫిబ్రవరి ఆఖర్న మా దగ్గర పడిన మంచు ఎవరూ అనుకోనిది. మార్చి 1న ఎమర్జెన్సీ ప్రకటించారు. కింద క్రెస్ట్‌లైన్‌లో జనమంతా కొనుక్కునే కిరాణా కొట్టు పైకప్పు మంచు బరువుకి కూలింది. ఏడు రోజులన్నారు డోనర్‌దారి గారు, మా ఇంటి ముందు రోడ్డు తెరవడానికి పదకొండు రోజులు పట్టింది. అందుకని తిండి ఏడు రోజులకైనా, మందులు మాత్రం కనీసం రెండు వారాలకి ఉంచండి. తిండి పక్కింటివాళ్లు పెడతారు, బీపీ మాత్రలు ఎవరిస్తారు?

పైకప్పు ఎక్కి మంచు మీరే దించాలని చూడకండి. కింద నిలబడి లాగే పొడుగు పార దొరుకుతుంది. వాకిట్లో మంచు తోడేటప్పుడు కూడా అరగంటకోసారి ఆగండి. కంప్యూటర్ ముందు కూర్చునే మనలాంటి వాళ్లకి ఆ శ్రమ గుండె మీద పడుతుంది.

ట్రకీ_కొత్తిల్లు | నవంబర్ 5, రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. అలారాలు మూడు వచ్చాయి. మూడు ప్రశ్నలు. ప్రొపేన్ ట్యాంకు గురించి ఏం చూసుకోవాలి? కట్టెల పొయ్యి వాడొచ్చా? ఇంతకీ తుఫాను వస్తోందని తెలిస్తే అమ్మానాన్నని తీసుకుని సాక్రమెంటో దిగిపోవడం మంచిదా, ఇక్కడే ఉండటం మంచిదా?

డోనర్‌దారి | నవంబర్ 5, రాత్రి 11:15

ట్యాంకు ఎనభై శాతం దాకా నింపుతారు, అదే ఫుల్లు. నలభైకి దిగకముందే ఫోన్ చెయ్యండి, మీ దారి తవ్వి లేకపోతే వాళ్ల బండి లోపలికి రాదు. ట్యాంకు పక్కన పదడుగుల కర్ర ఒకటి పాతండి, లేకపోతే జనవరిలో అది ఎక్కడుందో మీకే తెలియదు. ఇంటి గోడ దగ్గరుండే రెగ్యులేటర్ మీద పైకప్పు మంచు జారి పడే చోటైతే దాని మీద చిన్న కప్పు కట్టించాలి, ఆ దెబ్బకి పైపు విరిగి గ్యాసు లీకవుతుంది. ప్రొపేన్ గాలి కంటే బరువు, మంచు కిందే పాకి ఇంటి అడుగుకి చేరుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లైటు స్విచ్ కూడా తాకకుండా బయటికి నడిచి, దూరం నుంచి ఫోన్ చెయ్యండి.

పొయ్యి తప్పకుండా వాడండి, కరెంటు లేనప్పుడు అంతకంటే నమ్మకమైన వేడి లేదు. కానీ ముందు పొగగొట్టం శుభ్రం చేసే మనిషిని ఇప్పుడే పిలిపించండి, మసి పేరుకుంటే గొట్టంలోనే నిప్పంటుకుంటుంది. కట్టెలు ఆరినవే కొనండి. బూడిద మూతున్న ఇనప బకెట్‌లోకే ఎత్తి, చెక్క డెక్కుకి దూరంగా పెట్టండి. చల్లారిందనుకున్న బూడిదలో రెండు మూడు రోజుల తర్వాత కూడా నిప్పు కణికలు ఉంటాయి.

వెళ్లాలా ఉండాలా అంటే, మీ నాన్నగారితో కాబట్టి వెళ్లే ఆలోచన ఉంటే తుఫాను హెచ్చరికలో చెప్పిన టైముకి ముందే, పగలే వెళ్లిపోండి. మొదలయ్యాక ఉండిపోండి. మధ్యలో బయల్దేరడమే అన్నిటికంటే ప్రమాదం. ఐ-80 హైవే మూసేస్తే ఫోన్‌లో మ్యాప్ అడవి దారులు చూపిస్తుంది, ఆ దారుల్లో మంచు తీసే బండ్లు తిరగవు, ఎవరూ చూడరు. కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రోడ్ల శాఖ) వాళ్ల క్విక్‌మ్యాప్ చూసి, అందులో తెరిచి ఉంటేనే కదలండి. కారే కాదు, 1952 జనవరి 13న ఇవే కొండల్లో యూబా గ్యాప్ దగ్గర 226 మందితో రైలే మంచులో కూరుకుపోయింది, బయటపడటానికి మూడు రోజులు పట్టింది. ఎప్పుడైనా కారులో చిక్కుకుంటే ముందు దిగి వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తియ్యండి, ఆ తర్వాతే ఇంజిను. గంటకి పది నిమిషాలు చాలు.

నర్స్_అక్క | నవంబర్ 6, ఉదయం 6:30

తిండి గురించి ఎవరూ రాయలేదు. ఫ్రిజ్జు తలుపు తియ్యకుండా ఉంటే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 201 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. కుక్కరూ, అగ్గిపెట్టె సిద్ధంగా ఉంచండి. అటుకులు, మరమరాలు, కందిపొడి, ఆవకాయ, జంతికలు పెట్టుకుంటే పొయ్యి వెలిగించకుండానే రెండు పూటలు గడుస్తాయి. షుగరు తగ్గితే ఇవ్వడానికి గ్లూకోజ్ పొడి కూడా. కూరలు మాత్రం బయట మంచులో పెట్టొద్దు, ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి. వాటిలో కొన్ని చలికాలమంతా తిరుగుతూనే ఉంటాయి.

ట్రకీ_కొత్తిల్లు | జనవరి 9, సాయంత్రం 5:20

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. గత వారం తుఫానులో మాకు మూడు రోజుల పదహారు గంటలు కరెంటు లేదు. అందరం బాగున్నాం.

ఇల్లంతా వేడి చెయ్యాలని చూడకుండా హాల్లోనే పరుపులు వేసుకుని, మిగతా గదుల తలుపులు మూసేశాం. పొయ్యి ముందు 68 డిగ్రీలు, మేడ మీద 46. పైపులు గడ్డకట్టకుండా సింకు కింద అల్మరా తలుపులు తీసి పెట్టాం. నాన్న ఇన్సులిన్ చొక్కా జేబులోనే ఉంది. జనరేటర్ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడిపాం.

రెండో రాత్రి ఒక విషయం జరిగింది. అమ్మకి చలేసి, నేను పడుకున్నాక డెక్కు మీద ఉన్న చిన్న బొగ్గుల పొయ్యి లోపలికి తెద్దామని తలుపు దాకా వెళ్లింది. నాన్న ఆపారు. నవంబర్‌లో డాలస్ చెల్లెలు రాసిన పోస్టు నేను ఆయనకి వాట్సాప్‌లో పంపాను, తెనాలిలోనే చదివారట. అమ్మని కూర్చోబెట్టి మళ్లీ చదివి వినిపించారట. నాకు తెల్లారాక చెప్పారు.

గొట్టాలు రెండుసార్లు పూడిపోయాయి. ఇప్పుడు నాన్న రోజూ పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఆ గోడ దాకా వచ్చి చూశాకే కాఫీ తాగుతున్నారు.

డాలస్_దంపతులు | జనవరి 9, రాత్రి 8:10

అన్నా, ఇది మా అత్తగారికి చూపించాను. మీ అమ్మగారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడతానంటున్నారు. మెసేజ్‌లో నంబరు పంపండి.

కరెంటు_మేస్త్రి | జనవరి 9, రాత్రి 9:35

చాలా సంతోషం. జనరేటర్‌లో మిగిలిన పెట్రోలు అలాగే వదిలెయ్యకండి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ మందు కలపండి, లేదా కారులో పోసేయండి. నెలకోసారి పది నిమిషాలు ఆన్ చేసి చూడండి. ఇంకా ఫిబ్రవరి, మార్చి ఉన్నాయి.